షేరుకి పది ఓట్లు: ఫౌండర్‌కి ఇవ్వొచ్చా, కూడదా?

బెళ్లందూరు నుంచి:
మా కంపెనీలో ఐపీఓ, అంటే షేర్లు తొలిసారి జనానికి అమ్మే మాటలు మొదలయ్యాయి. ఫౌండర్ గారికి షేరుకి పది ఓట్లుండే ప్రత్యేక షేర్లు ఇస్తారట. నిన్న టీ కొట్టు దగ్గర టిష్యూ పేపర్ మీద లెక్క వేశాం. వంద షేర్లలో ఆయనవి 12 అనుకుంటే ఓట్లు 120, మిగతా అందరివీ కలిపి 88. అంటే దాదాపు 58 శాతం ఓట్లు ఆయనవే. నాకూ ఈసాప్స్ (ఉద్యోగులకిచ్చే షేర్ల హక్కులు) ఉన్నాయి. ఇది న్యాయమేనంటారా?

జయనగర్ నుంచి:
కాదండీ. కంపెనీ మునిగితే రూపాయిలో ఆయనకి పోయేది 12 పైసలు, మిగతా 88 పైసలూ మనవి. నిర్ణయం మాత్రం ఆయనది. 2019లో అమెరికాలో ఆఫీసులు అద్దెకిచ్చే వీవర్క్ కంపెనీ ఫౌండర్‌కి షేరుకి 20 ఓట్లు పెట్టుకున్నారు, విమర్శలొచ్చాక పదికి తగ్గించారు, చివరికి ఐపీఓనే వెనక్కి తీసుకున్నారు.

ఓటుకి మార్కెట్ కూడా విలువ కడుతుంది. టాటా మోటార్స్ 2008లో పదో వంతు ఓటుతో డీవీఆర్ షేర్లు (ఓటు హక్కు వేరుగా ఉండేవి) ఇచ్చింది. డివిడెండ్ కాస్త ఎక్కువ ఇచ్చినా అవి ఏళ్ల తరబడి మామూలు షేరు కంటే బాగా తక్కువకే దొరికాయి. 2024లో వాటిని రద్దు చేసి, పదింటికి ఏడు మామూలు షేర్లు ఇచ్చారు.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి:
నేను ఒప్పుకోను అన్నా. నా పాత కంపెనీలో ఫండింగ్ మీద ఫండింగ్ తెచ్చేసరికి ఫౌండర్ వాటా 9 శాతానికి పడిపోయింది. ఒక మంగళవారం బోర్డు మీటింగ్ అయ్యాక ఆయన బ్యాగు సర్దుకుని వెళ్లిపోతుంటే లిఫ్ట్ దగ్గర నిలబడి చూశాను. మాలో ఎవరికీ నోట మాట రాలేదు. నాలుగేళ్లు కష్టపడి కట్టిన ప్రాడక్ట్‌ని మూడు నెలల్లో మూసేశారు, పెట్టుబడి పెట్టినవాళ్లకి ఆ క్వార్టర్ నంబర్లే కావాలి మరి. ఆయన చేతిలో ఓట్లుంటే ఇంకో ఏడాది ఆగేవాళ్లం. గూగుల్ 2004లో మార్కెట్‌కి వచ్చింది పది ఓట్ల పద్ధతితోనే కదా!

బెళ్లందూరు నుంచి:
మీ ఇద్దరి మాటలూ చదివాక రాత్రి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019లో తెచ్చిన నిబంధనలు ముందేసుకుని కూర్చున్నాను. ఈ షేర్లు టెక్నాలజీ కంపెనీలకే, అదీ కంపెనీ నడిపే ప్రమోటర్లకే. ఈ షేర్లున్నవాళ్ల ఓట్లన్నీ కలిపి 74 శాతం దాటకూడదు. స్వతంత్ర డైరెక్టర్ల నియామకంలో, ఆడిటర్ విషయంలో షేరుకి ఒక్కటే ఓటు. అన్నిటికన్నా నాకు నచ్చింది గడువు. లిస్టయిన ఐదేళ్లకి ఇవి మామూలు షేర్లైపోతాయి. ఒక్కసారి ఇంకో ఐదేళ్లు పెంచుకోవచ్చు కానీ, ఆ ఓటింగ్‌లో ఈ షేర్లున్నవాళ్లు పాల్గొనకూడదు. గడువుంటే నాకు అభ్యంతరం లేదు. ఐదేళ్లలో తన ఆలోచన నిజమని ఆయన చూపించుకోవచ్చు. సోమవారం టౌన్‌హాల్‌లో లేచి అడుగుతాను, పొడిగింపు కోరనని ఇప్పుడే చెబుతారా అని.

జయనగర్ నుంచి:
అడగండి. కంపెనీ ఆర్టికల్స్‌లోనే, అంటే దాని నియమావళిలోనే రాయించమనండి. అది రాస్తే ఆ షేర్లకి నేనూ అప్లై చేస్తాను.