డ్రమ్ములో వేయించిన కాఫీ గింజ పైన మాడుతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది

లంకగాలి, అమలాపురం:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర లంక ఊరు. రెండు నెలల కిందట గ్యాస్ స్టవ్వు మీద పెట్టుకునే చిన్న డ్రమ్ము రోస్టర్ కొన్నాను. అర కిలో పడుతుందన్నారు, పక్కన మోటారు ఉంది, కావాలంటే చేత్తో తిప్పుకోవడానికి హ్యాండిల్ కూడా ఉంది. జూన్‌లో పాడేరు వెళ్లినప్పుడు తెలిసినవాళ్ల దగ్గర ఐదు కిలోల అరబికా రకం పచ్చి కాఫీ గింజలు తెచ్చుకున్నా, అవి గోనెసంచిలోనే వంటింటి అటక మీద ఉన్నాయి.

నేను చేసేది ఇది. ఖాళీ డ్రమ్మును పెద్ద మంట మీద పది నిమిషాలు కాల్చి 300 గ్రాములు పోస్తాను, మంట అలాగే ఉంచుతాను. మూడో నిమిషానికే రంగు తిరుగుతుంది, ఆరో నిమిషానికి చిటపటలు మొదలవుతాయి, ఇంకో అర నిమిషం చూసి దించేస్తాను, ఎందుకంటే అప్పటికే కొన్ని గింజల మీద నల్ల మచ్చలు పడిపోయి పొగ వస్తూ ఉంటుంది. పైకి చూస్తే షాపులో గింజలాగే ఉంది. మిక్సీలో వేస్తే మాత్రం రాళ్లు వేసినట్టు చప్పుడు. ఒక గింజను చాకుతో అడ్డంగా కోసి చూశాను, అంచు గోధుమరంగు, నడిమధ్య లేత పసుపు. డికాక్షన్ తడి గడ్డి వాసన వేస్తోంది, పాలు పోసినా పులుపు పోవడం లేదు. మా అమ్మ పొద్దున్నా సాయంత్రం ఫిల్టర్ కాఫీ తాగే మనిషి, రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. ఏమీ అనలేదు, అదే నాకు బాధగా ఉంది.

ఒకసారి భయపడి సిమ్‌లో పెట్టి 20 నిమిషాలు తిప్పాను. మాడలేదు కానీ ఆ కాఫీకి రుచీ పచీ లేదు. 300 గ్రాములు పోస్తే వేయించాక మామూలుగా 267 గ్రాములు వస్తోంది, ఇది సరైనదేనా? తెలిసినవాళ్లు చెప్పండి, ఇంకా మూడు కిలోలు మిగిలి ఉన్నాయి.

గట్టుమీద కాఫీ, రాజమండ్రి:
తూకం రాసుకున్నారు చూడండి, చాలా మంచి పని చేశారు, జవాబు అందులోనే ఉంది. 300కి 267 అంటే 11 శాతం తగ్గింది. పచ్చి గింజలో తేమే 10 నుంచి 12 శాతం ఉంటుంది, అంటే మీ గింజ దాదాపు తన నీరు వదులుకుందంతే, వేగడం అప్పుడే మొదలైంది. పాలతో తాగే ఫిల్టర్ కాఫీకి 15, 16 శాతం తగ్గేదాకా వెళ్లాలి, అంటే మీ 300 గ్రాములు 252, 255 దగ్గర తేలాలి. రంగు చూసి దించితే మోసపోతాం, రంగు పైదే చెబుతుంది.

తప్పంతా మొదటి మూడు నిమిషాల్లో ఉంది. పది నిమిషాలు పెద్ద మంట మీద కాలిన ఇనుములో గింజ పడగానే, దాని బల్లపరుపు వైపు రేకుకు తగిలి అక్కడే కాలిపోతుంది, మీరు చెప్పిన నల్ల మచ్చలు అవే. వేడి లోపలికి వెళ్లడానికి టైమ్ కావాలి, మీరు ఇవ్వడం లేదు. అలాగని సిమ్‌లో 20 నిమిషాలు తిప్పితే అది వేగినట్టు కాదు, ఎండినట్టు. వాసన ఇచ్చేవన్నీ మెల్లగా ఎగిరిపోయి చప్పగా మిగులుతుంది.

ఇలా చేసి చూడండి. 300 వద్దు, 250 పోయండి. మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు డ్రమ్ము వేడి చేస్తే చాలు. గింజలు పోశాక మొదటి రెండు నిమిషాలు మంట చిన్నది, తర్వాత మధ్యస్థానికి పెంచండి. వాసన గమనిస్తూ ఉండండి, ముందు తడి గడ్డి వాసన వస్తుంది, అది పోయి పేలాలు వేయించిన వాసన మొదలయ్యేసరికి గింజలన్నీ పసుపు తిరగాలి, అది ఐదో నిమిషం అటూఇటూ ఉండాలి. నాలుగులోపే తిరిగితే డ్రమ్ము ఎక్కువ కాలింది, ఏడు దాటితే తక్కువ కాలింది, తర్వాతి వాయికి దాన్నిబట్టి సరిచేసుకోండి. ఫస్ట్ క్రాక్, అంటే గింజలు మొదటిసారి చిటపటలాడడం, తొమ్మిది, పది నిమిషాలకు రావాలి. క్రాక్ దగ్గర పడేటప్పుడు మంట కొంచెం తగ్గించండి, పూర్తిగా తగ్గిస్తే వేగడం ఆగిపోతుంది. మొదటి చప్పుడు నుంచి రెండు, రెండున్నర నిమిషాలు ఉంచి దించండి. రెండోసారి సన్నగా, ఎండు పుల్లలు విరిగినట్టు చప్పుడు మొదలైందంటే సెకండ్ క్రాక్, గింజ మీద నూనె తేలేది ఆ తర్వాతే. అమ్మగారికి అంత దూరం అక్కర్లేదనుకుంటా.

థర్మామీటర్ ఉంటే దాని అంకె చూసి కంగారు పడకండి. పుల్ల గింజల మధ్యలో మునిగి లేకపోతే గాలి వేడి చూపిస్తుంది. పుస్తకాల్లో ఫస్ట్ క్రాక్ 196 నుంచి 205 డిగ్రీల మధ్య అని ఉంటుంది, నా డ్రమ్ములో 185 దగ్గరే వస్తుంది, నాకు అదే గుర్తు.

చేపలచెరువు, భీమవరం:
పైన చెప్పింది అంతా కరెక్టే, కానీ ఒకటి వదిలేశారు. జూన్‌లో తెచ్చి గోనెసంచిలో అటక మీద పెట్టారు, వానాకాలం మొత్తం మన డెల్టా గాలి పీల్చుకున్నాయి ఆ గింజలు. మన దగ్గర ఉప్పే జాడీలో నీరు కారుతుంది, కాఫీ గింజ ఊరుకుంటుందా. తేమ ఎక్కువైన గింజకు ఇంకా మెల్లగా మొదలుపెట్టాలి, మొదటి నిమిషాలు చిన్న మంట అన్నది మీకు రెండింతలు అవసరం. మిగిలిన మూడు కిలోలూ ఈరోజే గాలి పోని డబ్బాలోకి మార్చండి, నిండుగా ఉండాలి, పైన ఖాళీ ఉండకూడదు. ముక్కిన వాసన గానీ బూజు గానీ ఉంటే పారేయండి, వేయిస్తే పోదు అది. మా మిల్లులో ధాన్యం తేమ చూసే మిషన్లో నేను కాఫీ గింజలు పోసి చూశాను, ఆ అంకె నమ్మొద్దు, అది వడ్లకు సరిచేసిన మిషన్.

ఇంకొకటి, ఇది దయచేసి వినండి. పోయిన ఏడాది సరిగ్గా ఫస్ట్ క్రాక్ మధ్యలో మాకు కరెంటు పోయింది. మోటారు ఆగింది, గ్యాస్ మండుతూనే ఉంది. నేను హ్యాండిల్ ఎక్కడ పెట్టానా అని వెతికేలోపు, నిమిషం కూడా కాలేదు, అడుగున ఉన్న గింజలు బొగ్గయిపోయి పొట్టు అంటుకుంది. పక్కనే కొబ్బరి మట్టల కుప్ప. ఏమీ కాలేదు గానీ ఆ రోజు నా కాళ్లు వణికాయి. హ్యాండిల్ డ్రమ్ముకు తగిలించే ఉంచండి. తాటాకు పాక కింద, మట్టల దగ్గర వేయించకండి. పొట్టు అంటుకుంటే ముందు గ్యాస్ కట్టేయండి, మూత తీయొద్దు, కాలిన ఇనుము మీద నీళ్లు కొట్టొద్దు. పొట్టు ట్రే ప్రతి వాయికీ దులపండి.

పాలకొల్లు పిన్ని:
బాబూ, మీ అమ్మగారు గ్లాసు పక్కన పెట్టారంటే నాకు చదవగానే అయ్యో అనిపించింది. మా అమ్మ ఇనుప మూకుట్లో వేయించేది, చిన్నప్పటి నుంచి చూశాను కాబట్టి రెండు మాటలు చెబుతాను. దించాక గింజను డ్రమ్ములోనే వదిలేస్తే సొంత వేడికి వేగుతూనే ఉంటుంది. పెద్ద చాటలో పోసి టేబుల్ ఫ్యాన్ ముందు చెరగండి, పొట్టూ ఎగిరిపోతుంది, గింజా చల్లారుతుంది, మూడు నాలుగు నిమిషాల్లో చేతికి చల్లగా తగలాలి. బియ్యం చెరగడం వచ్చిన చేతికి ఇది కొత్త పని కాదు.

వేయించిన రోజే పొడి చేసి ఫిల్టర్లో వేయకండి. తాజా గింజలో గ్యాస్ ఉంటుంది, వేడినీళ్లు పోయగానే పొడి పొంగి నీరు సరిగా దిగదు, డికాక్షన్ పలచగా వస్తుంది. రెండు రోజులు ఆగండి, మూత మరీ బిగించకండి.

అసలు అడగాల్సింది, అమ్మగారు ఇన్నాళ్లూ తాగింది చికోరీ కలిపిన పొడేనా? మన షాపుల్లో పొడి చాలావరకు అదే. చికోరీ వల్లే ఆ నల్లటి రంగు, చిక్కదనం, చేదు. ఒట్టి అరబికా ఎంత బాగా వేగినా ఆవిడకు నీళ్లలా ఉంటుంది, అది మీ వేయించడం తప్పు కాదు. 80 పాళ్లు కాఫీకి 20 పాళ్లు చికోరీ కలిపి ఇవ్వండి, తర్వాత నెలనెలా తగ్గించుకుంటూ రండి. లేదా కొంచెం రోబస్టా రకం కాఫీ గింజ కలపండి, చిక్కదనం దానికే ఉంటుంది.

లంకగాలి, అమలాపురం:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. సంచిలో చెయ్యి పెట్టి చూస్తే గింజలు మెత్తగా, చల్లగా తగిలాయి, బూజు లేదు, డబ్బాల్లోకి మార్చేశాను. పిన్నిగారూ, అవునండి, ఇంట్లో ఎప్పుడూ చికోరీ పొడే, నాకు తట్టనే లేదు.

ఆదివారం 250 గ్రాములు పోశాను. పసుపు తిరగడం 5 నిమిషాల 40 సెకన్లకు, ఫస్ట్ క్రాక్ 9 నిమిషాల 20కి, దించింది 11:40కి. తూకం 211 గ్రాములు, అంటే 15.6 శాతం తగ్గింది. కోసి చూస్తే అంచూ నడుమా ఒకే రంగు, వేళ్ల మధ్య నొక్కితే టప్పున విరిగింది. బుధవారం పొడి చేసి 20 పాళ్లు చికోరీతో ఇచ్చాను. అమ్మ గ్లాసు ఖాళీ చేసి, రేపు పంచదార కొంచెం తగ్గించు, దీనికి అంత అక్కర్లేదు అంది.

ఒక్క అనుమానం మిగిలింది. చాటలో పదో పన్నెండో గింజలు ఎంత వేగినా లేత రంగులోనే ఉండిపోయాయి. మిగతావన్నీ సమానంగా ఉన్నాయి. ఇది కూడా మంట తప్పేనా?

గట్టుమీద కాఫీ, రాజమండ్రి:
కాదండి, అది తోటలో జరిగింది. పండకముందే కోసిన కాయల గింజలు అవి, వాటిలో చక్కెర తక్కువ కాబట్టి రంగు తిరగవు. ఒకటి నమిలి చూడండి, వేరుశెనగ పొట్టు రుచి వస్తుంది. పొడి చేసే ముందు చాటలోనే ఏరేయండి, పది గింజలే అయినా డికాక్షన్‌లో తెలుస్తాయి.