మగవాళ్ల ఛాతీ ఆపరేషన్: ప్రభుత్వాసుపత్రా, ప్రైవేటా?

నాకు 26 ఏళ్లు, ఉండేది గుంటూరు. పదో తరగతి నుంచీ ఛాతీ రెండువైపులా ఎత్తుగా ఉంది. చనుమొన కింద నొక్కితే నిమ్మకాయంత గడ్డ గట్టిగా తగులుతుంది, ఎడమవైపు ఇంకాస్త పెద్దది. నొప్పి లేదు, స్రావం లేదు.

ఏడాదిన్నర జిమ్‌కి వెళ్లి 84 కిలోల నుంచి 73కి దిగాను. పొట్ట పోయింది, ఇది మాత్రం కదల్లేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్ హార్మోన్ పరీక్షలన్నీ నార్మల్. స్కానింగ్‌లో కొవ్వుతో పాటు గ్రంథి కూడా పెరిగిందని వచ్చింది. డాక్టర్ గ్రేడ్ 2 గైనకోమాస్టియా (మగవాళ్లలో రొమ్ము గ్రంథి పెరగడం) అన్నారు. మూడు నెలలు టామోక్సిఫెన్ వాడినా ఫలితం లేదు. ఇన్నేళ్లు ముదిరినది మాత్రలకు తగ్గడం కష్టమట, ఆ మాట ముందే చెప్పుంటే బాగుండేది. మే ఎండల్లో కూడా చొక్కా లోపల బిగుతు బనీను వేసుకునే తిరుగుతున్నా.

ప్రభుత్వాసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ ఓపీలో చేస్తామన్నారు. కాలిన గాయాల కేసులు ముందు కాబట్టి తేదీ చెప్పలేమన్నారు, అదీ న్యాయమే. కానీ చనుమొన అంచున కోసి గ్రంథి మాత్రమే తీస్తారట, లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) ఉండదట. విజయవాడ సూర్యారావుపేటలో ఇద్దరు ప్రైవేటు సర్జన్లు రెండూ కలిపి చేస్తామన్నారు. ఒకరు 55 వేలు చెప్పారు, ఇంకొకరు 90 వేలు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇది అందం కోసం చేయించుకునేదని తోసేశారు.

ప్రభుత్వాసుపత్రిలో గ్రంథి మాత్రమే తీయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఆరు నెలల తర్వాత ఛాతీ సమంగా ఉందా, చనుమొన దగ్గర గుంట పడిందా?