టాక్రోలిమస్ లెవెల్‌కు ఎండిన రక్తపు చుక్క సరిపోతుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా తమ్ముడికి కిడ్నీ మార్పిడి జరిగి 14 నెలలైంది. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో, అంటే దాని లెవెల్, చూపించడానికి ప్రతిసారీ విశాఖపట్నం వెళ్తున్నాం. రాత్రి 9 గంటలకు క్యాప్సూల్ వేసుకుంటే మరునాడు ఉదయం 9కి, తర్వాతిది వేసుకోకముందే, రక్తం ఇవ్వాలి కాబట్టి తెల్లవారుజామున 3 గంటలకే బయలుదేరి, ఉదయపు క్యాప్సూల్‌ను చొక్కా జేబులో పెట్టుకుని వస్తాడు. పోయిన నెల దారిలో లారీ అడ్డం పడి, రక్తం తీసేసరికి 11 దాటింది. లెవెల్ 4.6 వచ్చేసరికి మోతాదు చాలడం లేదేమోనని ఇంటిల్లిపాదీ కంగారు పడ్డాం. ఇంట్లోనే వేలు పొడిచి, కార్డు మీద చుక్కలు ఆరబెట్టి టపాలో పంపవచ్చని విన్నాను. ఆ ఫలితాన్ని నమ్మవచ్చా?

జవాబు 1 (ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం):
ముందుగా ఆ 4.6 సంగతి. అది 14 గంటల లెవెల్. 12 గంటలప్పటి దానితో పోల్చి మోతాదు మార్చకూడదు.

ఇక చుక్క విషయం. టాక్రోలిమస్ ఎక్కువగా ఎర్రకణాల్లోనే ఉంటుంది, అందుకే దాన్ని సీరంలో కాక మొత్తం రక్తంలో కొలుస్తారు. ఆ లెక్కన కాగితం మీది చుక్క పనికొస్తుంది. అయితే అందులో ఉండే రక్తం బహు తక్కువ గనుక, అతి కొద్ది మందునూ కొలవగల మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రం ఉండి, ఈ పద్ధతిని సరిచూసుకున్న ల్యాబుకే పంపాలి. అసలు చిక్కు హెమటోక్రిట్‌తో, అంటే రక్తంలో ఎర్రకణాల పాలుతో, వస్తుంది. పలచటి దోసెల పిండి పెనం మీద దూరం పాకినట్లే, రక్తహీనత ఉన్నవారి చుక్క కాగితం మీద వెడల్పుగా పాకుతుంది. ల్యాబులో ఎవరికైనా ఒకే కొలత బిళ్లను కత్తిరిస్తారు కాబట్టి అందులో రక్తం తగ్గి, లెవెల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. మీ తమ్ముడి హిమోగ్లోబిన్ ఎంత?

జవాబు 2 (రాయగడ నుంచి, మార్పిడి చేయించుకున్నవాడిని):
నేను పంపిన మొదటి కార్డు తిరిగొచ్చింది. చుక్క చిన్నదిగా పడిందని దాని మీదే ఇంకొకటి వేశాను, అలా వేయకూడదట. చేతులు గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా తుడుచుకుని, మొదటి చుక్కను దూదితో తీసేసి, రెండోది వలయంలో దానంతటదే పడేలా చూడాలి. క్యాప్సూల్ పట్టుకున్న వేలిని పొడవకండి; మందు పొడి అంటుకుంటే లెవెల్ లేనిపోని ఎత్తుకు పోతుంది. తర్వాత కనీసం 3 గంటలు నీడలో పరచి ఉంచాలి, మన వానాకాలంలో ఇంకాసేపు. మా డాక్టరుగారు మొదట మూడుసార్లు నరం రక్తాన్నీ కార్డునూ ఒకే పూట తీయించి, రెండూ పోల్చాకే కార్డును ఒప్పుకున్నారు.

ప్రశ్న అడిగినవారు:
హిమోగ్లోబిన్ 9.2 అండీ.

జవాబు 1:
అది తక్కువే, అయితే ఇప్పుడే కార్డు జోలికి వెళ్లవద్దు. పర్లాకిమిడిలోనే సరిగ్గా 9 గంటలకు ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా చూసేది) నరం రక్తం తీయించి, వేళ రాసి పంపే వీలుందేమో మీ ల్యాబును అడగండి. ఆ గొట్టంలో మందు కొన్ని రోజులు చెడదు. రక్తం పుంజుకున్నాక కార్డును మీ డాక్టరుగారి ముందు పెట్టవచ్చు.