ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని గుల్మర్గ్: అమ్మను గండోలా (కేబుల్ కారు) ఎక్కించవచ్చా?

ప్రశ్న: స్కీయింగ్ నాకు, మంచు చూడటం అమ్మకు. ఆవిడకు 62 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. విజయవాడ చలికే రెండు రగ్గులు కప్పుకునే మనిషి. గండోలా ఎక్కించవచ్చా?

జవాబు: మొదటి దశ, కొంగ్‌దూరి వరకు ఎక్కించండి. రెండో దశ వద్దు. అది వెళ్లేది పైన అఫర్వత్ కొండకు, అక్కడ ఎత్తు సుమారు 3,950 మీటర్లు. మా నాన్నగారు నాలుగడుగులు వేసి ఆయాసంతో కూర్చుండిపోయారు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. గుల్మర్గ్‌కు ముందు వచ్చే ఊరు టంగ్‌మర్గ్‌లో అద్దెకు రబ్బరు బూట్లు ఇస్తారు. లోపల చెయ్యి పెట్టి చూశాకే వేసుకోండి. నాకిచ్చినవి తడిగా ఉన్నాయి, సాయంత్రం దాకా కాలివేళ్లకు స్పర్శే లేదు.

మరో జవాబు: మంచు బాగా పడితే టంగ్‌మర్గ్ నుంచి చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాల్సిందే. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: సిమ్ సంగతి తెలియదు, ధన్యవాదాలు. ఆవకాయలో నూనె పేరుకుపోతుందా అని అమ్మ అడుగుతోంది.

జవాబు: కొబ్బరినూనె సీసా మాత్రం రాయిలా గడ్డకట్టింది. ఆవకాయ నిక్షేపంగా ఉంది.