లాల్‌బాగ్‌కు పుష్ప ప్రదర్శన రోజుల్లో వెళ్లాలా, మామూలు రోజున వెళ్లాలా?

కావలి నుంచి:
మా అమ్మానాన్నలను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని బెంగళూరు లాల్‌బాగ్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. గణతంత్ర దినోత్సవం నాటి పుష్ప ప్రదర్శనకే వెళదామని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆ జనంలో తోట కనబడుతుందా అన్నది నా సందేహం. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నెల్లూరు నుంచి:
అమ్మా, మీ సందేహం సరైనదే. లాల్‌బాగ్ పూలతోట కన్నా ముందు చెట్లతోట. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టగా, టిప్పు సుల్తాన్ దూరదేశాల మొక్కలు తెప్పించి పెంచిన ఆ తోట ఇప్పుడు 240 ఎకరాలు. ప్రదర్శన జరిగే గాజుమందిరం అందులో ఒక చిన్న భాగమే. ఒక ఏడాది మేము ప్రదర్శనకే వెళ్లి, వరుసల్లో నిలబడటంతోనే పూట గడిచిపోయి, ఒక్క చెట్టునూ తీరిగ్గా చూడకుండా తిరిగి వచ్చాము. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఒక మంగళవారం తెల్లవారగానే వెళ్లాము. అక్కడి పాత తెల్లబూరుగు చెట్టు మొదలు చుట్టూ వేళ్లు పిట్టగోడల్లా లేచి ఉంటాయి. మన తలగడల్లో కూరే దూది ఇలాంటి చెట్టుదేనంటే పిల్లలు ఆశ్చర్యపోయారు. నాగలింగం చెట్టుకు పూలు కాండాన్నే అంటిపెట్టుకొని పూస్తాయి. రాలిన పువ్వొకటి మా అమ్మ అరచేతిలో పెట్టుకొని, పడగ కింద లింగాన్ని మనవరాలికి చూపించింది. మన శివాలయాల్లో పెంచుకునే ఆ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా అని చెబితే ఆమె చాలాసేపు నమ్మలేదు.

ఒంగోలు నుంచి:
నెల్లూరు వారి మాట నేను సగమే ఒప్పుకుంటాను. 1889లో శంకుస్థాపన జరిగిన ఆ గాజుమందిరాన్ని లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనాగా కట్టారు. పూలు లేని రోజున అది ఖాళీ శాల. చెట్ల పేర్లు పట్టని పెద్దవాళ్లకు పూల రంగులే ఆనందం. ఇంత దూరం వెళ్లి అది చూడకపోతే వెలితి కాదా?

నెల్లూరు నుంచి:
ఆ అందాన్ని నేను కాదనను. కానీ పెద్దవాళ్లకు కావలసినవి నడవడానికి చోటు, కూర్చోవడానికి నీడ. ప్రదర్శన రోజుల్లో దొరకనివి అవే. పూలే కావాలంటే ఫిబ్రవరిలో టబెబుయా చెట్లు గులాబీరంగు పూలతో నిండి ఉంటాయి. తోటలోనే, బెంగళూరు నగర స్థాపకుడు కెంపేగౌడ పేరున్న బురుజు నిలిచిన బండరాయి దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. దానిమీద నిలబడి ఆ మాట చెబితే మీ అబ్బాయి మరచిపోడు, కానీ ఎండ ఎక్కకముందే ఎక్కాలి. నెల్లూరులో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరులో ఆ రాత్రి విశ్రాంతి తీసుకుంటే, మర్నాడు పొద్దున్నే నగరం నడుమనున్న మెజెస్టిక్ స్టేషన్ నుంచి ఆకుపచ్చ లైను మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగవచ్చు.

కావలి నుంచి:
ఫిబ్రవరి రెండో శనివారం బడికి సెలవు కనుక, శుక్రవారమే చేరుకొని శనివారం ఆరు గంటలకల్లా గేటు దగ్గర ఉంటాము. మొదట ఏ చెట్టు దగ్గరికి వెళ్లాలో నాన్నగారిని అడిగితే, బూరుగు చెట్టన్నారు.