సైజ్ చేసిన 308 కేసుకి బోల్ట్ దిగట్లేదు, డై ఎంత దించాలి?

బాలానగర్_టూల్‌రూమ్:
అన్నలూ ఒక డౌట్. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, అక్కడ రేంజ్‌లో టార్గెట్ షూటింగ్ చేస్తాడు, 308 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్. కాల్చిన ఇత్తడి కేసులు (తూటా గుల్లలు) దాచి మళ్లీ లోడ్ చేసుకుంటాడు, అక్కడ అది మామూలే. నేను టూల్‌రూమ్‌లో చేస్తా కాబట్టి డై అనగానే నాకు ఫోన్ కొట్టాడు. కేసుని మళ్లీ కొలతకి నొక్కే ఫుల్ లెంగ్త్ సైజింగ్ డైని, ప్రెస్‌లో కేసు అడుగుని పట్టే షెల్ హోల్డర్‌కి తగలకుండా కొంచెం పైకే పెట్టిండంట, ఎక్కువ నలిగితే కేసు తొందరగా పోతదని. ఇప్పుడు సైజ్ చేసిన కేసు పెడితే బోల్ట్ హ్యాండిల్ దిగట్లేదు, గట్టిగా నొక్కాలి. సైజ్ చేయకముందు అదే కేసు ఈజీగా పోయింది! డైలోకి పోయొచ్చింది చిన్నగవ్వాలి కదా, పెద్దగెట్లయింది?

సైనిక్‌పురి_308:
తమ్ముడూ నేను హ్యూస్టన్‌లో ఉన్నన్ని రోజులు ఈ పని చేశా, మీ అన్నయ్యకి జరిగింది చాలామందికి జరిగేదే. డై ముందు కేసు పక్కల్ని నొక్కుతుంది, భుజం (కేసు మెడ వైపు సన్నబడే ఏటవాలు చోటు) దాకా ఇంకా రాలేదు, మరి నలిగిన ఇత్తడి ఎటు పోవాలి? టూత్‌పేస్ట్ ట్యూబు నొక్కినట్టే, ముందుకే పోతుంది, అంటే భుజం ముందుకు జరిగి కాల్చిన కేసు కంటే పొడుగవుతుంది. ఇంకొంచెం దించితే అప్పుడు డై లోపలి భుజం వచ్చి కేసు భుజాన్ని వెనక్కి తోస్తుంది. సగం సైజింగ్ అనేదే అసలు సమస్య.

అలాగని డైతో వచ్చే కాగితంలో రాసినట్టు షెల్ హోల్డర్‌కి తగిలించి పైన ఇంకో పావు చుట్టు తిప్పేయొద్దు. అది ఏ రైఫిల్‌లో అయినా పట్టేలా రాసిన మాట, మీ అన్నయ్య చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) కోసం కాదు. ముందు కాల్చిన కేసులోంచి, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ తీసేసి (ఉబ్బిన ప్రైమర్ ఉంటే కొలత తప్పొస్తుంది) కంపారేటర్ (భుజం మీద ఆనే కొలత ముక్క) పెట్టి వెర్నియర్‌తో భుజం దాకా కొలవాలి. బోల్ట్ రైఫిల్‌కి అంతకంటే 1 నుంచి 2 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) తగ్గితే చాలు, సెమీ ఆటో అయితే 3, 4.

బాలానగర్_టూల్‌రూమ్:
అన్నయ్యతో ఇప్పుడే కొలిపించా. సైజ్ చేసిన కేసు, కాల్చినదాని కంటే 3 థౌ ఎక్కువుంది, మీరు చెప్పినట్టే! డై ఎంత తిప్పాలి మరి?

కూకట్‌పల్లి_ఫిట్టర్:
లెక్క నేను చెప్తా. రీలోడింగ్ డై త్రెడ్ 7/8-14, అంటే ఒక చుట్టుకి అంగుళంలో 14వ వంతు, 1.81 మి.మీ. 1 థౌ అంటే 5 డిగ్రీలే. కాబట్టి చుట్టుల్లో కాదు, డై మీద మార్కర్‌తో గీత గీసి వెంట్రుకవాసి తిప్పుతూ పోవాలి, ప్రతిసారి ఒక కేసు సైజ్ చేసి కొలవాలి. లాక్ రింగ్ బిగించేటప్పుడు కేసు డైలోనే ఉంచి ర్యామ్ (కేసుని డైలోకి తోసే ప్రెస్ కడ్డీ) పైకి ఎత్తి బిగించమను, లేకపోతే త్రెడ్ ఆటకి సెట్టింగ్ జరుగుతుంది.

సైనిక్‌పురి_308:
కరెక్ట్. ఇంకోటి, ఎక్స్‌పాండర్ బాల్ (డై లోపల ఉండి కేసు మెడని కొలతకి తెరిచే గుండు) బయటికొస్తూ మెడని లాగుతుంది, దాంతో భుజం కూడా కొంచెం ముందుకొస్తుంది, కాబట్టి కేసు పూర్తిగా బయటికొచ్చాకే కొలవాలి. లూబ్ (కేసు డైలో ఇరుక్కోకుండా రాసే జారుడు పూత) ప్రతి కేసుకీ ఒకేలా రాయాలి, తేడా పెడితే కొలతలు ఊగుతాయి. కేసు మొత్తం పొడవు కూడా చూసుకోమను, 308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, దాటితే ట్రిమ్ చేయాలి, ఎందుకంటే మెడ పొడుగైనా బోల్ట్ టైట్‌గానే ఉంటుంది.

ఎక్కువ దించడం మాత్రం నిజంగా ప్రమాదం. 308 చాంబర్‌కి బోల్ట్ మూసుకోవాల్సిన గో గేజ్ 1.630 అంగుళాలు, మూసుకోకూడని నో-గో 1.634, మధ్యలో ఉన్నది 4 థౌ, మీ టూల్‌రూమ్ భాషలో 0.1 మి.మీ. భుజాన్ని అతిగా వెనక్కి తోస్తే కాల్చిన ప్రతిసారీ కేసు కింద భాగం దగ్గర సాగి పలచబడుతుంది, చివరికి అక్కడే రెండు ముక్కలవుతుంది, వెనక్కి గ్యాస్ కొడుతుంది. పేపర్‌క్లిప్ కొస వంచి లోపల అడుగుకి కాస్త పైన గీకి చూడమను, గాడిలా తగిలితే ఆ కేసు పారేయాలి. బయట అక్కడే మెరిసే రింగ్ కనిపించినా అంతే.

బోల్ట్ ఫీల్ చూడాలంటే ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేసి ఖాళీ కేసుతో మూయాలి, స్ప్రింగ్ ఒత్తిడి ఉంటే చేతికి ఏమీ తెలియదు.

కూకట్‌పల్లి_ఫిట్టర్:
ఇక్కడ చదివే షూటర్లకి ఒక మాట, మన దగ్గర ఆయుధాల చట్టం 1959 ప్రకారం తూటాలు తయారు చేయడానికి లైసెన్స్ కావాలి, కాబట్టి ఇది చూసి ఇంట్లో మొదలుపెట్టకండి. తమ్ముడూ, అన్నయ్య ముందుగా ఒక 15 డిగ్రీలు దించి, కొలత పంపమను.