చాటికోన సంతకు మనం వెళ్ళొచ్చా?

పర్లాకిమిడి నుంచి:
వచ్చే నెల రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్తున్నాం. దగ్గర్లో చాటికోనలో బుధవారం సంతకి నియమగిరి కొండ మీద నుంచి డోంగ్రియా కొంధులనే గిరిజనులు దిగుతారని విన్నాను. పిల్లలకు చూపిద్దామని మావారు, అలా చూడ్డానికి వెళ్ళడం తప్పని మా ఆడపడుచు. మీరేమంటారు?

బరంపురం నుంచి:
తప్పేముందమ్మా? సంత అందరిదీ. నాలుగు డబ్బులొచ్చేది వాళ్ళకే. ఫోటోలు చూసే కదా ఇంకో పదిమంది వస్తారు!

రాయగడ నుంచి:
డబ్బులు ఎవరికొస్తున్నాయి అన్నగారూ? నేను చూసినంతలో కారువాడికీ, లాడ్జీవాడికీ. మా నాన్నతో చిన్నప్పటినుంచీ ఆ సంతకి వెళ్తున్నాను. వాళ్ళు పసుపు, అల్లం, అనాస మోసుకుని దిగుతారు. అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని, చుట్టాలతో నాలుగు మాటలాడి పొద్దుండగానే కొండెక్కాలి. ఒకసారి కార్లలో వచ్చినవాళ్ళు ఒకావిడ ముక్కుపోగుల దగ్గరకంటా కెమెరా పెట్టేశారు. ఆవిడ చేతులు అడ్డం పెట్టుకుంది. వాళ్ళు పక్కకి తిరిగి మళ్ళీ తీశారు. పసుపు మూట విప్పకుండానే లేచి వెళ్ళిపోయింది. అంత దూరం మోసుకొచ్చిన సరుకు! నాకు ఇప్పటికీ ఆ మూటే గుర్తొస్తుంది.

వెళ్ళండి అక్కా, కానీ కొనడానికి వెళ్ళండి. గైడు చేత ఇరవై రూపాయలు ఇప్పించి ఫోటో తీస్తే అది అడిగి తీసినట్టు కాదు. వాళ్ళ కపడాగండా శాలువాకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సొంత సరుకని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, వచ్చింది. ఆడపిల్లలు అన్నదమ్ములకో, మనసైనవాడికో ఇవ్వడానికి చేత్తో కుట్టేది అది. దాన్ని బేరమాడకండి.

బరంపురం నుంచి:
సరే, కెమెరా వద్దని మనమే తేల్చేస్తే ఎలా? ఫోటో దిగడం ఇష్టమున్న కుర్రాళ్ళూ ఉంటారు కదా.

రాయగడ నుంచి:
ఉంటారు, నిజమే. అందుకే తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. నియమగిరిలో బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) తవ్వకం సంగతి గ్రామసభల్నే అడగమని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో చెప్పింది. 12 ఊళ్ళలో సభలు పెడితే 12 ఊళ్ళూ వద్దన్నాయి. కొండ సంగతి తేల్చుకున్నవాళ్ళు కెమెరా సంగతి తేల్చుకోలేరా? టూరిస్టు బస్సులు వేసేముందు ఆ ఊళ్ళనే అడగాలి. ఇంతవరకూ మా వైపు ఎవరూ అడగగా నేను చూడలేదు.

పర్లాకిమిడి నుంచి:
బుధవారమే వస్తాం తమ్ముడూ. ఫోన్లు సంచిలోనే ఉంటాయి. పసుపు ఎంత కొనమంటావు?

రాయగడ నుంచి:
ఏడాదికి సరిపడా కొనెయ్యండక్కా. కొమ్ములే తీసుకోండి, ఇంటికెళ్ళి కొట్టించుకోవచ్చు. చిల్లర మాత్రం మర్చిపోకండి, అయిదువందల నోటిస్తే వాళ్ళకి ఇబ్బంది.